మనింటి పెట్టెకు తాళంచెవి ఎవరి దగ్గర?

బి.ఎస్సీ. విద్యార్థి, కొండపల్లి

ఈ సంచికలో కవితలుంటాయి, కథలుంటాయి, నిరుద్యోగం మీదో వరకట్నం మీదో ఆవేశంగా రాసిన వ్యాసాలుంటాయి. వాటి నడుమ వైఫై రౌటరు గురించి ఈ రాతలేమిటని కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. వేసుకోండి, ఫరవాలేదు. కానీ హాస్టల్లో ఒక్క పూట వైఫై ఆగిపోతే రేగే గొడవ, మెస్సులో సాంబారు నీళ్లయితే రేగే గొడవకన్నా పెద్దదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు, పరీక్ష ఫీజు, హాల్‌టిక్కెట్టు, కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు — ఇవన్నీ ఆ అరచేతి వెడల్పు పెట్టెగుండానే పోవాలి. అలాంటి పెట్టె మొండికేసినప్పుడు మనం చేస్తున్నదేమిటి? పారేసి కొత్తది కొంటున్నాం. అందులోనూ 'అప్‌డేట్ పెట్టాం, అప్పట్నుంచీ వైఫై రావటంలేదు' అనే పెట్టెలే ఎక్కువ. వాటిలో చాలావాటికి ప్రాణం పోలేదనీ, పోయిందని చెప్పినవాణ్ణి నమ్మటమే జరిగిందనీ నా అభిప్రాయం.

నా వాదన ముందే చెప్పేస్తాను. రౌటరుకు అప్‌డేట్ పెట్టటం తప్పు కాదు, పెట్టాల్సిందే. కానీ వెనక్కి వచ్చే దారి చూసుకోకుండా పెట్టటం తప్పు. ఆ దారిని తయారు చేసినవాడే మూసేస్తే మనం కిమ్మనకుండా ఊరుకోవటం ఇంకా పెద్ద తప్పు.

ముందు పెట్టె లోపల ఏముందో చూద్దాం. రౌటరంటే ఒక చిన్న కంప్యూటరు. దానికో ప్రాసెసరు, కాస్త మెమరీ, ప్రోగ్రాములు దాచుకునే ఫ్లాష్ చిప్పు ఉంటాయి. చాలా రౌటర్లలో నడిచేది లినక్స్. ఈ లినక్స్ సంగతి మనకు తెలిసిందే — 1991లో ఫిన్‌లాండులో లైనస్ తోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు, ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. జి.పి.ఎల్. అనే షరతుపత్రం కింద అది మనకు దక్కిన హక్కు. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే గాలిలోకి తరంగాలు పంపే పని ఈ లినక్స్ సొంతంగా చెయ్యదు. అందుకు వేరే వైర్‌లెస్ చిప్పు ఉంటుంది. నేటి చిప్పుల్లో చాలావాటికి తమ సొంత బుల్లి ప్రాసెసరు, సొంత మెమరీ, సొంత ప్రోగ్రాము ఉంటాయి. ఆ ప్రోగ్రామునే చిప్ ఫర్మ్‌వేర్ అంటారు. అది చిప్పు కంపెనీ వాళ్లది. దాన్ని చదవటానికి మనకు వీల్లేదు.

మా రైతుల భాషలో చెప్పాలంటే ఇది అద్దె ట్రాక్టరు వ్యవహారం. ట్రాక్టరుతోపాటు డ్రైవరు కూడా వాడి మనిషే వస్తాడు. ఏ చేను దున్నాలో మనం చెబుతాం, ఎలా తోలాలో వాడిష్టం. పైగా ఆ డ్రైవరు రాత్రికి ఇంటికి పోతాడు, తెల్లారి మళ్లీ పిలిపించుకోవాలి. సరిగ్గా ఇదే చిప్పులోనూ జరుగుతుంది. కరెంటు తీసెయ్యగానే చిప్పు మెమరీలోని ప్రోగ్రాము చెరిగిపోతుంది. రౌటరు లేచిన ప్రతిసారీ లినక్స్ తన ఫ్లాష్‌లో దాచిన ఫర్మ్‌వేర్ ఫైలును తీసి చిప్పుకు మళ్లీ ఎక్కించాలి.

ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం భయం పోతుంది. ఎందుకంటే చిప్పు తాలూకు ఫైలు సరిపడనిది పడితే వైఫై పోతుందిగాని రౌటరు పోదు. తీగ ద్వారా లోపలికి వెళ్లి పాత ఫైలు పెట్టి మళ్లీ ఆన్ చేస్తే లేచి కూర్చుంటుంది. రౌటరు మొత్తం తాలూకు ఫర్మ్‌వేర్, అంటే లినక్సూ మిగతా సరంజామా అంతా కలిపిన ఆ పెద్ద ఇమేజి, మార్చేటప్పుడు మధ్యలో కరెంటు పోతేనే అసలు ప్రమాదం. ఈ రెండిటినీ 'ఫర్మ్‌వేర్' అనే ఒకే మాటతో పిలవటంవల్ల వచ్చిన తికమక ఇంతా అంతా కాదు.

మా హాస్టల్ సంగతే చెబుతాను. మూడో అంతస్తు రౌటరుకు మా సీనియరు ఒకాయన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే లినక్స్ ఎక్కించాడు. మామూలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై వచ్చింది, 5 గిగాహెర్ట్జ్‌ది మాయమైంది. చూడ్డానికొచ్చిన మెకానిక్కు అటూ ఇటూ తిప్పి, "లాభం లేదు తమ్ముడూ, బోర్డు పోయింది" అని తేల్చేశాడు. "లోపల చూశావా అన్నా?" అంటే "చూసేదేముంది" అన్నాడు. అప్పుడు మేం నలుగురం కూర్చుని లాన్ తీగ తగిలించి డిమెసేజ్ అనే ఆజ్ఞ ఇచ్చాం. కెర్నెల్ తను లేచినప్పట్నుంచీ ఏమేం చేసిందో రాసుకునే దినచర్య అది. అందులో పచ్చిగా రాసుంది, ఆ బోర్డుకు సంబంధించిన సమాచారపు ఫైలు దొరకలేదని, పొరపాటు సంఖ్య మైనస్ 2 అని. చిప్పు బాగానే ఉంది, డ్రైవరు బాగానే ఉంది, ఎక్కించిన ఇమేజిలో ఆ ఒక్క ఫైలు చేరలేదు. దాని ప్యాకేజీ పెట్టి రీబూట్ చేస్తే రెండు నిమిషాల్లో 5 గిగాహెర్ట్జ్ తిరిగొచ్చింది. అంతే! దానికోసం కొత్త రౌటరుకు చందాలు పోగుచేశారు మావాళ్లు. (ఆ చందా డబ్బులు తర్వాత ఏమయ్యాయో రాయను, ఊహించుకోండి.)

ఆ దినచర్య చదవటం బ్రహ్మవిద్యేమీ కాదు. మైనస్ 2 అంటే 'ఆ పేరుగలవాడు ఊళ్లో లేడు' అని, ఫైలు లేదన్నమాట. మైనస్ 110 అంటే 'పిలిచాం, పలకలేదు' అని. చిప్పు గడువులోగా జవాబివ్వలేదు. అప్పుడు ఫర్మ్‌వేరు పొసగకపోయి ఉండొచ్చు, అడాప్టరు నీరసించి ఉండొచ్చు, నిజంగానే చిప్పు పోయి ఉండనూవచ్చు. మైనస్ 12 అంటే 'కూర్చోటానికి చోటు లేదు' అని, మెమరీ చాలలేదు. 64 మెగాబైట్ల ర్యాముగల పాత రౌటర్లలో బరువైన ఫర్మ్‌వేర్ పెడితే ఇదే గతి. కొన్ని చిప్పులకు చిన్న మెమరీకి సరిపడే డ్రైవర్లు విడిగా దొరుకుతాయి, అవి వాడాలి.

ఇక్కడో తమాషా ఉంది. కొన్ని క్వాల్‌కామ్ చిప్పుల్ని నడిపే ఏథ్10కె అనే డ్రైవరు ముందు 6వ నంబరు ఫర్మ్‌వేర్ ఫైలును వెదుకుతుంది. అది లేకపోతే మైనస్ 2 అని రాసి, 5వ నంబరుది తెచ్చుకుని హాయిగా పనిచేసుకుంటుంది. అది చూసి గాభరాపడి, బాగున్న రౌటరును మళ్లీ మళ్లీ ఫ్లాష్ చేసి చెడగొట్టుకునేవాళ్లున్నారు. మొదటి పొరపాటు వాక్యం దగ్గర ఆగకూడదు, కిందిదాకా చదవాలి. పరీక్షలో ప్రశ్నపత్రం చదివినట్టు.

అసలు పొరపాటే లేకుండా వైఫై కనిపించకపోవటమూ ఉంది. అప్‌డేట్ తర్వాత దేశం అమరిక చెరిగిపోతే రౌటరుకు తానెక్కడున్నదీ తెలియదు. ఏ దేశపు చట్టానికీ తప్పు కాకూడదని 5 గిగాహెర్ట్జ్‌లో నోరు మెదపదు. ఇండియా అని పెట్టగానే పలుకుతుంది. కొన్ని ఛానళ్లలో అయితే దగ్గర్లో రాడారు ఏదైనా ఉందేమోనని కనీసం ఒక నిమిషం చెవొగ్గి విని, ఆ తర్వాతే ప్రసారం మొదలెడుతుంది. ఆ నిమిషం ఓపిక పట్టలేక మనం స్విచ్చి ఆపి వేస్తాం. అది పాపం మళ్లీ మొదట్నుంచీ వినటం మొదలెడుతుంది. మనం మళ్లీ ఆపుతాం!

మనకు రసాయనశాలలో టైట్రేషన్ నేర్పిన మాస్టారు ఏం చెప్పారు? ఒకసారి ఒక్కటే మార్చు, మార్చింది రాసుకో. రౌటరుకూ అదే సూత్రం. కెర్నెల్, డ్రైవరు, ఫర్మ్‌వేర్ — ఈ ముగ్గురికీ పొసగాలి. కెర్నెల్ ఒక వెర్షనుది ఉండగా మాడ్యూలు మరో వెర్షనుది తెచ్చి పెడితే ఆ కాపురం నిలవదు. ఏది మార్చామో తెలియకుండా మూడూ ఒకేసారి మార్చేసి తర్వాత తల పట్టుకుంటే ఎవరేం చేస్తారు?

ఇక పెద్ద ఇమేజి మార్చే సంగతి. ఇక్కడ మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. వైఫై మీద ఉండి వైఫైని నడిపే పెట్టెను మార్చబోవటం కూర్చున్న కొమ్మను నరుక్కోవటమే కాబట్టి తీగ వాడాలి. దిగుమతి చేసుకున్న ఫైలు సరైనదో కాదో దాని చెక్‌సమ్‌తో సరిచూసుకోవాలి. రౌటరు వెనక చీటీ మీద మోడలు పేరుతోపాటు వెర్షను సంఖ్య కూడా ఉంటుంది, అది కలవాలి. ఒకే పేరుతో లోపల వేరే చిప్పు పెట్టి అమ్మటం ఈ వ్యాపారంలో మామూలే. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్యాక్టరీలో ఒక్కో బోర్డుకు విడివిడిగా కొలిచి రాసిన కాలిబ్రేషన్ సమాచారం ఫ్లాష్‌లో ఒక మూల ఉంటుంది. దాన్ని ముందే కంప్యూటర్లోకి కాపీ చేసుకోవాలి. అది చెరిగితే పక్కింటివాడి రౌటరునుంచి తెచ్చి పెట్టినా అచ్చంగా సరిపోదు, కళ్లజోడు లాంటిది అది.

ఆపైన కరెంటు. మా కొండపల్లికి పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం ఉంది. 1979లో మొదటి యూనిట్టు మొదలైనప్పట్నుంచీ రాష్ట్రానికంతటికీ వెలుగిస్తోంది. అయినా గాలివానొస్తే మాకూ కరెంటు పోతుంది. దీపం కింద చీకటి సామెత ఊరికే పుట్టలేదు. ఫ్లాష్ మీద రాత జరుగుతుండగా కరెంటు పోతే ఆ రాత సగంలో ఆగిపోతుంది. కాబట్టి ఇన్వర్టరు ఉన్న ఇంట్లోనే ఈ పని పెట్టుకోవాలి.

కరెంటు గురించి నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నదేమీ లేదు. వైఫై పల్లెలకు రావటంలో మన తెలుగు నేలకు పాత చరిత్రే ఉంది. 2000 దశకంలో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' అనే పథకం కింద ఎత్తయిన స్తంభాల మీద యాంటెన్నాలు పెట్టి, మామూలు వైఫైనే కిలోమీటర్ల దూరం పంపి గ్రామాలను కలిపింది. ఐ.ఐ.టి. కాన్పూరులో దూరపు వైఫై ప్రయోగాలు చేసిన భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ఆ అనుభవాలను కూడా కలిపి 2007లో వ్యాసం ప్రచురించారు. ఆ రోజుల్లోనే తమిళనాడు అరవింద్ కంటి ఆసుపత్రి పల్లె కేంద్రాలనూ, హిమాచల్‌లో ధర్మశాల కొండల్నీ ఇలాగే కలిపారు. ఈ రెండిటి మీద బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో వెలువరించిన పరిశోధన నాకు బాగా నచ్చింది. ప్రయోగం జయప్రదమని ఫోటోలు దిగి వెళ్లిపోకుండా, ఏళ్ల తరబడి అవి ఎందుకు చెడిపోతున్నాయో కూర్చుని రాశారు. తేలిందేమిటి? తరంగాల సమస్య కన్నా కరెంటు సమస్య పెద్దది. వోల్టేజి ఎగిరిపడి, పడిలేచి, రౌటర్ల ఫ్లాషు పాడవుతోంది. అందుకని ఆపరేటింగ్ సిస్టమున్న భాగాన్ని చదవటానికేగాని రాయటానికి వీల్లేకుండా కట్టేశారు. బిగుసుకుపోతే దానంతటదే రీబూట్ అయ్యే ఏర్పాటు చేశారు. దూరాన ఉన్న పెట్టెను బాగుచెయ్యటానికి రెండో దారి ఒకటి ఎప్పుడూ ఉంచుకున్నారు. నేను 'వెనక్కి వచ్చే దారి' అంటున్నది ఇదే.

రౌటరు నిజంగా లేవకపోయినా ఆశ వదలక్కర్లేదు. చాలావాటిలో బూట్‌లోడరు అనే చిన్న ప్రోగ్రాము వేరే మూల భద్రంగా ఉంటుంది. రీసెట్ బొత్తాం నొక్కిపట్టి ఆన్ చేస్తే, తీగకు అటు చివర ఉన్న కంప్యూటరునుంచి కొత్త ఇమేజి తెచ్చుకోగలదు. దీన్ని టి.ఎఫ్.టి.పి. పద్ధతి అంటారు. ఏ చిరునామాతో, ఏ ఫైలు పేరుతో అడుగుతుందో కంపెనీకో రకం. అదీ కుదరకపోతే పెట్టె విప్పి, బోర్డు మీది సీరియల్ గుంటలకు మూడు తీగలు కలిపి, సెకనుకు 1,15,200 వేగంతో వింటే అది లేస్తూ లేస్తూ ఎక్కడ పడిపోతోందో దాని నోటితోనే చెబుతుంది. సాధారణంగా 3.3 వోల్టుల కన్వర్టరు వాడాలి సుమా, 5 వోల్టులది పెట్టి బోర్డు కాల్చుకుని నన్ను తిట్టకండి. ఇంకొక్క మాట, ఇదంతా మనం డబ్బిచ్చి కొన్న రౌటర్లకే. ఇంటర్నెట్ ఆపరేటరు ఇచ్చిన పెట్టె వాడి సొత్తు, అప్‌డేట్లు వాడే దూరంనుంచి పంపుతాడు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభమైన మన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తామంటూ ఇళ్లలోకి వచ్చింది. అలాంటి పెట్టెల్లో వేలు పెట్టకుండా, దాని వెనక మన సొంత రౌటరు తగిలించుకోవటం మేలు.

ఇంతవరకూ చెప్పింది మన చేతిలో ఉన్న సంగతి. ఇప్పుడు మన చేతిలో లేనిదానికి వస్తాను. అసలు నా కోపమంతా దాని మీదే.

మా పొలంలో బోరు మోటారు కాలిపోతే వైండింగు షాపుకు పట్టుకెళ్తాం. మోటారు ఏ కంపెనీదైనా సరే, ఆయన విప్పుతాడు, చుట్లు లెక్కపెడతాడు, రాగి తీగ గేజి చూస్తాడు, మళ్లీ చుట్టి ఇస్తాడు. 'ఈ చుట్లు రహస్యం, లెక్కపెట్టకూడదు' అని ఏ కంపెనీ అన్లేదు. మా కొండపల్లి బొమ్మే చూడండి. తెల్లపొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దూరప్రయాణంలో అంబారీ ఏనుగు తొండం ఊడిందనుకోండి, చెక్కినవాడే అతకాలనేం లేదు, ఆ పని తెలిసిన ఎవరైనా అతుకుతారు. మరి వైర్‌లెస్ చిప్పులో తప్పుంటే? లినక్స్ రాసేవాళ్లు ప్రపంచమంతా వేలమంది ఉన్నా, అక్కడికి వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడాలి. చిప్పు కంపెనీ కొత్త ఫైలు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. ఆ మోడలు అమ్మకం ఆగిపోయాక ఇవ్వాలన్న తొందర వాళ్లకేముంటుంది?

చరిత్ర చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 2002 చివర్లో లింక్‌సిస్ వాళ్లు డబ్ల్యుఆర్‌టి54జి అనే నీలం నలుపు రౌటరు తెచ్చారు. లోపల లినక్స్ ఉందని బయటపడ్డాక, జి.పి.ఎల్. ప్రకారం దాని మూలకోడు ఇవ్వాల్సిందేనని పట్టుబడితే 2003లో విడుదల చేశారు. ఆ కోడునుంచే 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి పుట్టింది. ఎంత గొప్ప విజయం! కానీ బ్రాడ్‌కామ్ చిప్పు తాలూకు వైర్‌లెస్ డ్రైవరు మాత్రం తాళం వేసిన పెట్టెగానే ఉండిపోయింది. అది 2.4 కెర్నెల్‌కు తయారైంది కాబట్టి లోకమంతా 2.6కు వెళ్లినా, ఆ రౌటర్లలో వైఫై కావాలన్నవాళ్లు చాలాకాలం పాత కెర్నెల్‌నే పట్టుకుని వేళ్లాడారు. ఇల్లు మనదే, గదులన్నీ మనవే, గుమ్మం తాళంచెవి మాత్రం ఇంకొకడి జేబులో!

తెరిచి ఇవ్వటం అసాధ్యమా అంటే కాదు. అదే కాలపు ఏథెరోస్ చిప్పులకు 2008లో ఏథ్9కె అనే డ్రైవరును కంపెనీయే బాహాటంగా ఇచ్చింది. ఆ చిప్పులకు ఎక్కించే ఫర్మ్‌వేరే అక్కర్లేదు. అందుకే ఆ తరం రౌటర్లు ముసలివైనా కొత్త లినక్స్‌తో ఇంకా తిరుగుతున్నాయి. అదే కుటుంబంలో యు.ఎస్.బి. చిప్పుల ఫర్మ్‌వేర్ మూలకోడును 2013లో విడుదల చేశారు. సరిగ్గా ఆ ఏడాదే లినక్స్‌లోకి వచ్చిన తర్వాతి తరం ఏథ్10కె మళ్లీ మూసిన ఫర్మ్‌వేరుతో వచ్చింది. కుడి చేత్తో ఇచ్చి ఎడమ చేత్తో తీసుకున్నట్టుంది.

'ఎందుకొచ్చిన గొడవ, అసలు అప్‌డేట్లే పెట్టకపోతే సరి' అనేవాళ్లకూ జవాబు చెప్పాలి. 2016లో మిరాయి అనే పురుగు, కంపెనీ పెట్టిన సంకేతపదం మార్చని కెమెరాల్లోకీ రౌటర్లలోకీ దూరి, వాటినే సైన్యం చేసి పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కూల్చింది. 2017 అక్టోబరులో మాతీ వాన్‌హూఫ్ అనే బెల్జియం పరిశోధకుడు మనం గట్టిదనుకున్న డబ్ల్యుపిఎ2 రక్షణలోనే 'క్రాక్' అనే లోపాన్ని చూపించాడు. ఆయనే 2021 మేలో 'ఫ్రాగ్ ఎటాక్స్' పేరుతో మరికొన్ని లోపాలు బయటపెట్టాడు. వాటిలో కొన్నిటికి కొన్ని చిప్పుల్లో డ్రైవరు సవరిస్తే సరిపోలేదు, చిప్పు లోపలి ఫర్మ్‌వేరుకూ సవరణ కావలసివచ్చింది. మధ్యలో 2018లో వి.పి.ఎన్.ఫిల్టర్ అనేది 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లో చేరింది. కాబట్టి పాత ఫర్మ్‌వేరుతో కూర్చున్న రౌటరు గొళ్లెం లేని తలుపు. మన ఫోనులో బ్యాంకు లెక్కలు, నాన్నగారి పాస్‌బుక్కు వివరాలు అన్నీ ఆ గుమ్మంగుండానే రాకపోకలు చేస్తున్నాయి. ఒకసారి అప్‌డేట్ పెట్టి దెబ్బతిన్నవాడు మళ్లీ జన్మలో పెట్టడు, వాడిచూసి పదిమంది పెట్టరు. వెనక్కి దారిలేని అప్‌డేట్ చేసే అసలు చెరుపు ఇది.

కంపెనీవాళ్ల మాటలోనూ కొంత న్యాయముంది, దాచను. గాలి అందరిదీ. మనదేశంలో లైసెన్సు లేకుండా వైఫై వాడుకునే స్వేచ్ఛ 2.4 గిగాహెర్ట్జ్‌లో 2005లో వచ్చింది, 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగం 2018లో తెరిచారు. ఆ స్వేచ్ఛకు శక్తి పరిమితులున్నాయి. చిప్పు ప్రోగ్రాము ప్రతివాడి చేతికీ ఇస్తే హద్దులు దాటి ప్రసారం చేస్తారు, రాడార్లకు అడ్డొస్తారు అని వాళ్ల భయం. సరే, కాదనను. కానీ అమెరికాలో 2016లో ఏం జరిగింది? తమ రౌటర్లను పరిమితి మించిన శక్తితో నడిపే వీలు ఇచ్చినందుకు టి.పి.లింక్ మీద అక్కడి సమాచార సంఘం ఎఫ్.సి.సి. 2 లక్షల డాలర్ల జరిమానా ఒప్పందం చేసుకుంది. అదే ఒప్పందంలో, బయటివాళ్లు రాసిన ఓపెన్ ఫర్మ్‌వేర్ తన రౌటర్లలో పెట్టుకునేలా చిప్పు తయారీదార్లతో కలిసి ఏర్పాటు చెయ్యాలని కూడా రాయించుకుంది. అంటే హద్దులు కాపాడటానికి తలుపులన్నీ మూయక్కర్లేదని ఆ ప్రభుత్వ సంస్థే ఒప్పుకున్నట్టు కదూ? శక్తి హద్దును చిప్పులో గట్టిగా బిగించి, మిగతాది విప్పి చూపించవచ్చు.

వెనక్కి దారి పెట్టి రౌటరు చెయ్యటం ఖరీదైన పని అనేవాళ్లకు 2024 నవంబరులో వచ్చిన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వన్ జవాబు. ఆ ప్రాజెక్టు వాళ్లే తలపెట్టిన ఈ పెట్టెలో ఫ్లాష్ చిప్పులు రెండు ఉంటాయి. ఒకటి రోజువారీ వాడకానికి, రెండోది ఆపద్ధర్మానికి. మొదటిది ఎంత చెడినా చిన్న స్విచ్చి జరిపి రెండోదాన్నుంచి లేపుకోవచ్చు. ఇలాంటిదాంట్లో కూడా వైర్‌లెస్ చిప్పు ఫర్మ్‌వేర్ మాత్రం మూసినదే. ఎంత పట్టుదల ఉన్నవాళ్లకైనా ఆ చివరి తాళం ఇంకా తెరుచుకోలేదన్నమాట.

చట్టాల సంగతి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29నుంచి, ఇంటర్నెట్‌కు తగిలే వస్తువు అమ్మేవాడు దానికి భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తాడో చెప్పి తీరాలి. యూరపులో 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ముఖ్యమైన బాధ్యతలు 2027 డిసెంబరునుంచి మొదలై, మామూలుగా కనీసం ఐదేళ్లు ఆదరణ ఇవ్వాలి. మనదేశంలో 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం కేంద్రం ఒక పోర్టల్ ప్రారంభించింది. మంచిదే. కానీ నేను కోరేది ఇంకా చిన్నది. పురుగుమందు డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది. విత్తనాల సంచి మీద మొలక శాతం ఉంటుంది. చదువురాని రైతు కూడా ఎవరిచేతనైనా చదివించుకుని కొంటాడు. రౌటరు పెట్టె మీద మాత్రం నాలుగు యాంటెన్నాల బొమ్మ, నవ్వుతున్న కుటుంబం బొమ్మ తప్ప ఏముంది? 'ఈ తేదీవరకూ అప్‌డేట్లు ఇస్తాం, లోపలి చిప్పు ఫలానాది, చెడితే లేపే పద్ధతి ఇది' అని మూడు లైన్లు అచ్చువెయ్యటానికి వాళ్లకు సిరా ఖర్చెంత?

ఇక మన సంఘానికి ఒక విన్నపం. ఏటా వార్షికోత్సవానికి మైకు సెట్టుకూ, షామియానాకూ పెట్టే ఖర్చులో పిసరంత తీసి ఫిజిక్స్ లాబులో ఒక మూల బల్ల వేయించండి. కావలసినవి: 3.3 వోల్టుల సీరియల్ కన్వర్టరు ఒకటి, లాన్ తీగలు నాలుగు, పనికిరాదని మూలపడేసిన కంప్యూటరొకటి, ఓ చిన్న ఇన్వర్టరు, ఒక పుస్తకం. ఆ పుస్తకంలో వచ్చిన ప్రతి రౌటరు మోడలు, చిప్పు, వచ్చిన పొరపాటు సంఖ్య, చేసిన పని తేదీతో సహా తెలుగులో రాయాలి. ప్రాక్టికల్ రికార్డులాగా, కాకపోతే పక్కవాడిది చూసి కాపీ కొట్టకుండా. వారానికి రెండు సాయంత్రాలు చాలు. ఊళ్లోవాళ్లు కూడా తెచ్చుకోవచ్చని గేటు దగ్గర బోర్డు పెట్టాలి. లెక్చరరుగారు ఒకరు పర్యవేక్షణకు ఒప్పుకుంటే మంచిది, ఒప్పుకోకపోతే తాళం చెవి ఇస్తే చాలు. హాస్టల్ అటక మీద 'బోర్డు పోయింది' అని చీటీ అంటించిన రౌటర్లు నాలుగు దుమ్ముకొట్టుకుని పడున్నాయి. వాటితో మొదలుపెట్టొచ్చు.